ఒదెట్ ముట్టని కాఫీ

మా లార్నకాలో ఒదెట్ అంటే ఎవరికీ తెలియదు. పెళ్లిళ్ల ఒదెట్ అనాలి. అప్పుడు విమానాశ్రయం దగ్గర టాక్సీ తోలేవాడి నుంచి లాజరస్ గుడి వెనక పూలమ్మే మారూల్లా దాకా ఎవర్నడిగినా, "ఆ లావుపాటి లెబనాన్ ఆవిడేగా, సంచీ నిండా పిన్నీసులు పెట్టుకు తిరుగుతుంది" అని దారి చూపిస్తారు.

లెబనాన్‌లో పెళ్లంటే గుళ్లో పాదిరి చెయ్యాలి, కాదంటే మసీదులో షేక్ చెయ్యాలి. పిల్లది ఒక మతం, పిల్లవాడిది ఇంకో మతం అయితే ఇద్దరూ కలిసి ఎక్కడానికి గడపే లేదు. అందుకని విమానమెక్కి కాస్తంత సముద్రం దాటి సైప్రస్ వస్తారు. మా టౌన్ హాల్లో మేయర్ ముందు సంతకాలు పెట్టి, సాయంత్రం విమానానికి మొగుడూ పెళ్లాలై తిరిగిపోతారు. ఆ కాగితాన్ని వాళ్ల సర్కారు మారుమాట లేకుండా దస్త్రంలోకి ఎక్కించుకుంటుంది. వండటానికి మడి అడ్డొస్తుంది కానీ పక్కింట్లో వండింది తినడానికి అడ్డు రాదన్నమాట!

అలా వచ్చే జంటలను విమానం దగ్గర దింపుకుని, కాగితాలు సరిచూసి, టౌన్ హాలుకు నడిపించి, మళ్లీ విమానం ఎక్కించే దాకా అంతా ఒదెట్ పూచీ. ఉంగరం మరిచిపోయిన వాళ్లకు ఉంగరం అరువిస్తుంది. సాక్షి లేని వాళ్లకు తానే సాక్షి సంతకం పెడుతుంది. ఏడ్చే పెళ్లికూతుళ్లకు రుమాలు, వణికే పెళ్లికొడుకులకు తిట్లు. "ఏమయ్యా, యుద్ధంలోకి తోస్తున్నామా నిన్ను? నిటారుగా నిలబడు" అంటుంది. ఎన్ని వందల మందిని అలా నిలబెట్టిందో లెక్క పెట్టుకోలేదు.

ఆమెకు ఒక మాట అలవాటు. "కాఫీ చల్లారిన వాళ్లే మన ఊరొస్తారు" అనేది. వాళ్ల కొండ ఊళ్లలో పిల్లనడగడానికి పెద్దలు వెళితే ముందుగా కాఫీ ఇస్తారు. వెళ్లినవాళ్లు కప్పు ముట్టరు. ఎదురుగా పెట్టుకుని, మోకాళ్ల మీద చేతులు వేసుకుని, అడగాల్సింది అడుగుతారు. పిల్ల తరపు పెద్ద "మీ కాఫీ తాగండి" అంటే ఇచ్చినట్టు. అనకపోతే కప్పులో కాఫీ అలాగే చల్లారిపోతుంది, వచ్చినవాళ్లు లేచి వెళ్లిపోవాలి. పిల్ల కోసమే కాదు, ఎంత పెద్ద కోరికైనా అంతే. అడిగేవాడు తాగడు, ఇచ్చేవాడు తాగమంటాడు. అలా కప్పు చల్లారగా వచ్చిన పిల్లలను చూస్తే ఒదెట్‌కు కడుపు తరుక్కుపోయేది. వాళ్ల ముందు మాత్రం నవ్వుతూ పిన్నీసులు పెట్టేది.

ఇంతమందికి చేసిన ఒదెట్ పెళ్లి చేసుకోలేదు. అడిగితే, "మంగలికి క్షవరం ఎవరు చేస్తారమ్మా" అని తేల్చేసేది.

కానీ ఆమె ఒంటరిది కాదు. ఆమెకు వదాద్ ఉంది.

లెబనాన్ యుద్ధం చివరి రోజుల్లో, జూనియే రేవు నుంచి లార్నకాకు వచ్చే ఓడలో కలిశారు ఇద్దరూ. ఒదెట్ బేరూత్ పిల్ల, నోరు పెద్దది. వదాద్ ఉత్తరాది కొండల్లోని పిల్ల, నోట్లో నాలుక లేనట్టుండేది. ఓడ ఊగుతుంటే ఒదెట్ పేగులు బయటికొచ్చేలా కక్కుకుంటోంది. ఎవరో ముఖం తెలియని అమ్మాయి వచ్చి పక్కన కూర్చుని, నిమ్మకాయ కోసి ముక్కు దగ్గర పెట్టి, తెల్లారేదాకా పట్టుకునే కూర్చుంది. దిగాక ఇద్దరికీ వెళ్లడానికి చోటు లేదు. ఒక గది తీసుకున్నారు. ఆ గది ఇల్లయింది, ఆ ఇల్లు జీవితమయింది. వదాద్ చేతిలో సూది ఉంది, ఒదెట్ నోట్లో మాట ఉంది. ఒదెట్ పెళ్లికూతుళ్లను తెస్తే, వదాద్ వాళ్ల గౌన్లకు కుట్లు విప్పి బిగించి సరిచేసేది. అలా ముప్ఫై ఏళ్లు దాటింది.

"ఆవిడ మీకేమవుతుంది?" అని మొదట్లో అద్దెకిచ్చిన ఇంటాయన అడిగాడు. ఒదెట్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మా పిన్నమ్మ కూతురు" అంది. ఆ మాట గొడుగులా పనికొచ్చింది. చర్చిలో పిన్నమ్మ కూతురు, సంతలో పిన్నమ్మ కూతురు. ఏటేటా నివాస పత్రాలు పొడిగించే ఆఫీసులో కూడా నోటి మాటకు పిన్నమ్మ కూతురే.

సైప్రస్‌లో సహజీవన నమోదు చట్టం వచ్చిన ఏడు వదాద్ ఒకసారి ఆ మాట ఎత్తింది. ఇద్దరు ఆడవాళ్లయినా, ఇద్దరు మగవాళ్లయినా నమోదు చేసుకోవచ్చట, పరాయి దేశస్థులైనా ఇక్కడ నివాసముంటే చాలునట అని. ఒదెట్ కూరలు తరుగుతూ, "మనల్ని విడదీస్తున్నదెవరు ఇప్పుడు? రేపు ఈ సంగతి బేరూత్ చేరితే ఏ తల్లి తన కూతుర్ని నా వెంట పంపుతుంది?" అంది. వదాద్ మళ్లీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆమె పద్ధతి.

పోయిన చలికాలంలో ఒక పెళ్లికూతురి గౌను అంచు కుడుతూ కుడుతూ వదాద్ పక్కకు ఒరిగిపోయింది. పెదాలు నీలంగా మారాయి. ఆసుపత్రి బల్ల దగ్గర అమ్మాయి, "ఆమె మీకేమవుతుంది?" అనడిగింది. ఒదెట్ నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"పిన్నమ్మ కూతురు."

"ఇంకా దగ్గరివాళ్లు ఎవరైనా ఉన్నారా? తోడబుట్టినవాళ్లు?"

ఉన్నాడు. కొండ మీద ఊళ్లో అన్న తన్నూస్. వాళ్లు అతనికి ఫోన్ చేశారు. సన్నటి తీగ గుండెలోకి పంపి చూడాలి, ఒప్పుకుంటారా అని అడిగారు. అతను బేరూత్ డాక్టర్ని అడిగి చెబుతానన్నాడు. వాళ్లు ఆగారు. గాజు తలుపుకు ఇవతల ఒదెట్ కూడా ఆగింది. ముప్ఫై ఏళ్లు ఎండకూ వానకూ పట్టుకున్న గొడుగు ఆ రోజు తలుపు దగ్గర అడ్డం తిరిగింది. పిన్నమ్మ కూతురు ఎంత దగ్గరైనా తోడబుట్టినవాడి తరవాతే కదా! ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది. ఎవరు ఎవరి మనిషో సంతకం పెట్టి చెప్పే ఒదెట్, తను ఎవరి మనిషో చెప్పుకోలేక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఆ రోజు ఆమె పడిన నరకం ఇంతా అంతా కాదు.

వదాద్ బతికింది. గుండె కవాటం మార్చాలి, ఈస్టర్ పండగ వెళ్లాక ఆపరేషన్, గుండె బలహీనం కాబట్టి భయం ఉంది అన్నారు డాక్టర్లు. ఇంటికొచ్చిన మర్నాడు వదాద్ మంచం మీద నుంచే చెప్పింది.

"ఒదెట్, ఈసారి నేను పోతే నన్ను ఊరికి మోసుకెళ్తారు. అక్కడ నా సమాధి దగ్గరికి నిన్ను ఏమని రానిస్తారు?"

"నోర్ముయ్. పోవడమేంటి."

"బతికినా అంతే. కళ్లు తెరిచేటప్పటికి నువ్వుండాలి. అన్నయ్య ఫోన్ కాదు."

ఒదెట్ లేచి వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. తరవాత ముఖం తుడుచుకుని వచ్చి, "సరే. కాగితాలు తెప్పిద్దాం" అంది.

ఎన్నో జంటల కాగితాలు చూసిన మనిషి కాబట్టి ఏం కావాలో ఆమెకు తెలుసు. పెళ్లి కాలేదని పుట్టిన ఊరి రిజిస్టర్ నుంచి నకలు కావాలి. బేరూత్‌లో ఒదెట్ నకలు ఎవర్నో పంపితే వచ్చేసింది. వదాద్ నకలుకు మాత్రం ముందు వాళ్ల ఊరి ముఖ్తార్ ముద్ర పడాలి. ఎవరు పుట్టినా, చచ్చినా, పెళ్లాడినా ఆ మనిషి ముద్ర లేనిదే ఊళ్లో జరగదు, మన పాతకాలం కరణంలాగ. ఆ ముఖ్తార్ తన్నూసే.

వదాద్ ఫోన్ చేసింది. ఒదెట్ పక్కనే కూర్చుని వింటోంది.

"అన్నయ్యా, నాకు రిజిస్టర్ నకలు కావాలి. పెళ్లి కాలేదని రాసుండేది."

"అదెందుకే ఇప్పుడు?"

"ఇక్కడ నమోదు చేయించుకోవాలి."

అవతల పిడుగు పడింది.

"మర్తా! ఒసేయ్ మర్తా! ఇటు రావే! మన వదాద్ పెళ్లి చేసుకుంటోందే!"

వెనకనుంచి వదిన మర్తా నాలుక ఆడిస్తూ పెళ్లి కేక వేసింది. ఆ కేకకు పక్కింటివాళ్లు, వాళ్ల కేకకు ఎదురింటివాళ్లు. ఫోను చేతికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది. "నకలు పోస్టులో పంపేదేంటి, నేనే తెస్తా!" అని అరిచి తన్నూస్ పెట్టేశాడు.

"నోరు పడిపోయిందా నీకు? చెప్పొచ్చుగా అసలు సంగతి!" అని ఒదెట్ మీదపడింది.

"ఎక్కడ చెప్పమంటావు? వదిన కేకలో సూది దూర్చే సందుందా?" అంది వదాద్. ఎన్నాళ్లకో నవ్వింది. నవ్వుతూనే ఆయాసపడింది.

ఇక్కడే వాళ్లంతా పొరబడ్డారు. ఆ దేశంలో పుట్టినవాళ్లు తప్ప ఇంకెవరూ పడలేని పొరపాటది. లార్నకాలో పెళ్లి కాగితం అంటే వాళ్లకు ఒకటే అర్థం, పెళ్లికొడుకు మన మతంవాడు కాదు. తన్నూస్ టికెట్ కొన్నాడు. వచ్చేదాకా రాత్రీ పగలూ తనలో తను పోట్లాడుకున్నాడు. చివరికి చెల్లెలి కోసం గుండె రాయి చేసుకుని, ఎవడైనా సరే క్షమించేద్దాం అని తీర్మానించుకుని మరీ దిగాడు.

ఒదెట్ విమానాశ్రయానికి వెళ్లింది. తన్నూస్ డెబ్బై దాటిన మనిషి. ఎండలో కూడా నల్ల సూటు తొడుక్కుని, ఒక చేతిలో పెళ్లిళ్లలో పంచే చక్కెర పూసిన బాదం పళ్లెం, ఇంకో చేత్తో ప్లాస్టిక్ చుట్టిన పెద్ద మూట ఈడ్చుకుంటూ వచ్చాడు.

"నువ్వేనా మా చెల్లితో ఉండే ఒదెట్? వినడమే కానీ చూళ్లేదు. పెళ్లికొడుకు రాలేదే?"

"ఇంటికెళ్లి మాట్లాడుకుందాం ముఖ్తార్ గారూ. ఈ మూటేంటి?"

"మా అమ్మ చేయించిన ఉన్ని బొంత. వదాద్ పెళ్లికని దాచింది. విమానంలో వాళ్లు నాకంటే దీన్నే ఎక్కువ చూశారు." నడుస్తూ గొంతు తగ్గించి అడిగాడు. "మనిషి మంచివాడేనా? నువ్వు చూశావుగా?"

ఒదెట్ మూటకు రెండో పక్క చెయ్యి వేసింది. "అప్పుడప్పుడూ నోరు జారుతుంది. మిగతాదంతా ఫర్వాలేదు" అంది.

వదాద్ కూర కూరి వండిన చిన్న గుమ్మడికాయలు వడ్డించింది. అన్నాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ తిన్నారు. భోజనం అయ్యాక తన్నూస్ మీసం తుడుచుకుని, జేబులోంచి నకలు తీసి బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి ఉంచాడు.

"ఇక దాపరికాలు వద్దు. నేను అన్నీ ఆలోచించుకునే వచ్చా. ముస్లిమా? సరే అనుకున్నా. ద్రూజ్ మతంవాడా? అదీ సరే. గ్రీకువాడా? మన గుడికి వాళ్ల గుడికి అంత దూరం లేదులే అనుకున్నా. పెళ్లాన్ని వదిలేసినవాడా? నీ వయసుకి బ్రహ్మచారి ఎక్కడ దొరుకుతాడు. ఏదైనా మింగేస్తా. ఒక్కసారి తీసుకొచ్చి చూపించు."

వదాద్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"పెళ్లికొడుకు లేడు అన్నయ్యా. ఒదెట్ ఉంది."

"ఒదెట్ ఉందని నాకు కనపడుతోంది. పెళ్లికొడుకు..." అని ఆగిపోయాడు. చెల్లెలి వంక చూశాడు. ఒదెట్ వంక చూశాడు. గదిలో ఉన్న ఒకే మంచం వంక చూశాడు.

"ఆసుపత్రివాళ్లు ఫోన్లో, పక్కన పిన్నమ్మ కూతురుంది అన్నారు. మా అమ్మకు అక్కచెల్లెళ్లే లేరు, భాష రాక ఏదో అంటున్నారులే అనుకున్నా. ఓహో. పిన్నమ్మ కూతురు!"

ఆ రెండు మాటలూ ఉమ్మేసినట్టు అన్నాడు. ఎవరు ఎవరికేమవుతారో ఏడు తరాలు తడుముకోకుండా చెప్పే మనిషి దగ్గర ఆ అబద్ధం నిలిచేది కాదు.

ఒదెట్ లేచింది. పొడుగు పిడి గిన్నెలో కాఫీ కాచి మూడు కప్పుల్లో పోసి తెచ్చింది. ఒకటి అతని ముందు, ఒకటి వదాద్ ముందు, ఒకటి తన ముందు పెట్టింది. కుర్చీ అంచున నిటారుగా కూర్చుని మోకాళ్ల మీద చేతులు వేసుకుంది. తన కప్పు ముట్టలేదు. తన్నూస్‌కు అర్థమై రంగు మారింది.

"ముఖ్తార్ గారూ, నా తరపున మాట్లాడే పెద్దలెవరూ మిగల్లేదు. అందుకని నేనే అడుగుతున్నా. మీ ఇంటి పిల్లను నాకివ్వండి. ముప్ఫై ఏళ్లు చూసుకున్నా. మిగిలిన రోజులు కూడా చూసుకుంటా. ఆసుపత్రిలో తలుపు బయట కూర్చోవడం ఇక నా వల్ల కాదు."

వదాద్ ఏడుస్తోంది. తన్నూస్ ఆ కప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆవిరి తగ్గింది, ఆగిపోయింది. కప్పు అంచున గసి ఎండింది. ఒదెట్ కదల్లేదు. తాగు అనే ఒక్క మాట కోసం ఆమె చెవులు రిక్కించుకుని కూర్చుంది. జీవితంలో దేనికీ అంతగా ఆశపడలేదు.

చివరికి అతను లేచాడు.

"నలభై ఏళ్లుగా ఊళ్లో ముద్ర వేస్తున్నా. ఇది ఏ వరసలో రాయాలో నాకు తెలియదు. ఈ కాగితం మాత్రం సర్కారుది, ఆమె పేరు మీదుంది. పట్టుకునే హక్కు నాకు లేదు." నకలు మీద నుంచి చెయ్యి తీశాడు. "కాఫీ సంగతి నన్నడక్కండి."

"బొంత తీసుకెళ్లవా అన్నయ్యా?" అంది వదాద్.

"వెనక్కి తీసుకెళ్తే ఊళ్లో ఏం చెప్పను?" అని తలుపు దాటాడు. బాదం పళ్లెం కూడా అక్కడే ఉండిపోయింది. తరవాత తెలిసింది, పెళ్లికొడుక్కి జబ్బు చేసి ముహూర్తం వాయిదా పడిందని ఊళ్లో చెప్పాడట. ఒదెట్ ఆ మాట విని, "నాకేం జబ్బు, రాయిలా ఉన్నా" అంది. ఆ మాటకు ఇద్దరికీ నవ్వు రాలేదు.

సహజీవన నమోదుకు టౌన్ హాలుకు కాదు, జిల్లా ఆఫీసుకు వెళ్లాలి. మేయర్ ఉండడు, ఎర్ర తివాచీ ఉండదు, పెళ్లి అనే మాట కూడా ఉండదు. అన్ని వందల మందిని ఎక్కించిన మెట్లు ఒదెట్‌కు దక్కలేదు. ఆ సంగతి ఆమె జీవితాంతం మనసులో పెట్టుకుంటుంది, ఎవరేమన్నా సరే. సాక్షులుగా పూలమ్మే మారూల్లా వచ్చింది, టౌన్ హాల్లో ఇన్నేళ్లూ ఆమె తెచ్చిన జంటల కాగితాలు రాసిన ఆంద్రూల్లా వచ్చింది. పిన్నమ్మ కూతుళ్లం కాదని ఒదెట్ చెప్పబోతుంటే ఆంద్రూల్లా చెయ్యి అడ్డం పెట్టింది.

"చాల్లే. చేపలో ముళ్లు తీసి ఒకరి పళ్లెంలో ఒకరు పెట్టుకునే పిన్నమ్మ కూతుళ్లను నేనెక్కడా చూళ్లేదు. నువ్వు చెప్పేదాకా ఆగుదాంలే అని ఊరుకున్నా. నేనెరిగి ఇరవయ్యేళ్లు పట్టింది నీకు."

వదాద్ మెట్లెక్కలేక రెండుసార్లు ఆగింది. సంతకం పెట్టేటప్పుడు ఆమె చెయ్యి స్థిరంగానే ఉంది. ఒదెట్ చెయ్యి వణికింది. "నిటారుగా నిలబడు, యుద్ధంలోకి తోస్తున్నామా నిన్ను?" అని వదాద్ నెమ్మదిగా అంది. ఆఫీసులో అరబ్బీ రాని గుమస్తా, ఆ ఆడవాళ్లు ఎందుకు ఒకరినొకరు పట్టుకుని నవ్వుతూ ఏడుస్తున్నారో తెలియక, కాగితాలు ముందుకు తోసి కిటికీ వైపు చూశాడు.

ఆపరేషన్ ముందు రోజు వదాద్, "అన్నయ్యకు చెప్పు" అంది.

"నేనా? ఆయనకా?"

"నీకే కదా హక్కు ఇప్పుడు. హక్కున్నవాళ్లే చెప్పాలి."

ఒదెట్ ఫోన్ చేసి, ఏ ఆసుపత్రో, ఏ పూటో చెప్పి, అతను ఊపిరి తీసుకునేలోపు పెట్టేసింది. ఆమె కోపం అలాంటిది.

ఆసుపత్రి బల్ల దగ్గర మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. ఆమె మీకేమవుతుంది? ఒదెట్ గ్రీకులో ఆ మాట ఇంట్లో ఎన్నిసార్లు అనుకుని వచ్చిందో! "భాగస్వామిని. నమోదైన భాగస్వామిని" అంది. ఆ అమ్మాయి తలెత్తకుండా రాసుకుని, "ఇక్కడ సంతకం" అని చూపించింది. అంతే. ఇన్నేళ్లు దాచిన మాట అంత తేలిగ్గా కాగితం మీద పడిపోతే ఒదెట్‌కు సంతోషం రాలేదు. మంట పుట్టింది. ఇంతేనా, ఇంతదానికా చలికాలం ఆ కుర్చీలో కూర్చున్నాను, ఇంతదానికా నేనే వద్దన్నాను అనుకుంది.

మధ్యాహ్నానికి తన్నూస్ వచ్చాడు. అదే నల్ల సూటు. చేతుల్లో ఈసారి ఏమీ లేవు. ఒదెట్‌కు ఒక కుర్చీ అవతల కూర్చుని జపమాల తిప్పుతున్నాడు. గోడ గడియారం వంక ఇద్దరూ వంతులు వేసుకున్నట్టు చూశారు.

డాక్టర్ బయటికొచ్చి తిన్నగా ఒదెట్ దగ్గరికి వచ్చాడు. గ్రీకులో చెప్పాడు. తన్నూస్ లేచి నిలబడి, ఒక్క ముక్క అర్థం కాక ఆ ఇద్దరి పెదాల వంక మార్చి మార్చి చూశాడు. డాక్టర్ వెళ్లాక ఒదెట్ వెంటనే చెప్పలేదు. చెప్పకపోతే ఏం, ఆ రోజు నేను ఫోను అవతల మాట వినడానికి ఎంత అలమటించాను అనిపించింది. కానీ ముసలాయన జపమాల చేతిలో గిలగిలలాడుతోంది.

"కవాటం మార్చారు. గుండె కొట్టుకుంటోంది. తెలివి ఇంకా రాలేదు. ఈ రాత్రి గడవాలి అంటున్నారు."

అతను నుదుటి మీద, గుండె మీద సిలువ గుర్తు వేసుకుని కూలబడ్డాడు.

కాసేపటికి నర్సు వచ్చి, సాయంత్రం ఒక్కరే లోపలికి రావచ్చని, అదీ కొద్దిసేపేనని, మళ్లీ రేపటిదాకా ఎవర్నీ రానివ్వమని చెప్పింది. ఒక్కరు అనేటప్పుడు వేలు చూపించింది. ఆ వేలు తన్నూస్‌కు కూడా అర్థమయింది. నర్సు ఒదెట్‌నే అడిగింది, ఎవరు వస్తారని. "చెబుతాను" అంది ఒదెట్. ఎందుకలా అందో ఆమెకే తెలియదు. తనే వెళ్లాలి. దానికోసమే కదా ఇదంతా!

క్యాంటీన్‌కు వెళ్లి రెండు కాగితం కప్పుల్లో కాఫీ తెచ్చింది. ఒకటి అతనికిచ్చింది, ఒకటి తన రెండో పక్క కుర్చీ మీద పెట్టుకుని మరిచిపోయింది. అతను కప్పు తీసుకున్నాడు కానీ తాగలేదు. ఇంకా ఆ నాటి పంతమేనా, నా చేతి కాఫీ కూడా పనికిరాదా అని ఒదెట్‌కు చిర్రెత్తుకొచ్చింది. తిట్టడానికి అటు తిరిగింది.

అతను కప్పును ఇద్దరి మధ్య ఖాళీ కుర్చీ మీద పెట్టాడు. సూటు బొత్తాలు పెట్టుకున్నాడు. కుర్చీ అంచుకు జరిగి, నిటారుగా కూర్చుని, మోకాళ్ల మీద చేతులు వేసుకున్నాడు. ఊళ్లో ఎంతమంది తరపున ఎంతమంది ఇళ్లకు వెళ్లి అడిగాడో ఆ ముఖ్తార్. తన కోసం అడగడం రాలేదు.

ఒదెట్ తిట్టు గొంతులోనే ఆగిపోయింది.

"ఇక్కడ ఆమె మనిషివి నువ్వు" అన్నాడు చివరికి, నేల చూస్తూ. "అడగాల్సింది నిన్నే. ఒక్కసారి చూడనీ. రేపు ఉంటుందో ఉండదో."

ఒదెట్ ఆ కప్పు వైపు చూసింది. ఆవిరి సన్నగా లేస్తోంది. చల్లారనీ అనుకుంది. అవును, అనుకుంది. ఆ రోజు తన కప్పు అంచున గసి ఎండిపోయేదాకా ఈ మనిషి కూర్చోలేదా? ఇప్పుడు తను కూర్చోవచ్చు. కాగితం తన దగ్గరుంది, తలుపు తనది. లోపలున్న మనిషి ఇంకో రోజు ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేదు. కళ్లు తెరిచేటప్పటికి నువ్వుండాలి అంది వదాద్.

కానీ ఓడలో ముఖం తెలియని మనిషికి నిమ్మకాయ పట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నది కూడా ఆ వదాదే.

"మీ కాఫీ తాగండి ముఖ్తార్ గారూ" అంది ఒదెట్. "తాగి లోపలికి వెళ్లండి. నేనిక్కడుంటా."

అతను కప్పు రెండు చేతులా పట్టుకుని గడగడా తాగేశాడు. గడ్డం మీద కారింది కూడా తుడుచుకోలేదు. నర్సు వెంట లోపలికి వెళ్లాడు. గాజు తలుపు మూసుకుంది. ఒదెట్ మళ్లీ తలుపుకు ఇవతలే మిగిలింది. ఈసారి తన చేత్తో తనే మూసుకుంది. ఆ తేడా చిన్నదేమీ కాదు. అయినా ఏడుపు ఆగలేదు. ఎన్ని పెళ్లికూతుళ్ల కళ్లు తుడిచిందో, సంచీలోంచి ఆ రుమాలే తీసి తన కళ్లు తుడుచుకుంది.

అతను తొందరగానే బయటికొచ్చాడు. ముఖం తడిసి ఉంది. వచ్చి, ఈసారి మధ్యలో కుర్చీ వదలకుండా పక్కనే కూర్చున్నాడు.

"కళ్లు తెరిచింది" అన్నాడు. "నన్ను చూసింది. చూసి, ‘ఒదెట్ ఏమైనా తిందా?’ అనడిగింది."

ఒదెట్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అతను కొంచెంసేపు ఆమె ఏడుపు వింటూ కూర్చున్నాడు. తరవాత అవతలి కుర్చీ మీద ఆమె మరిచిపోయిన కాగితం కప్పు కనపడింది. నిండుగా, ముట్టకుండా అలాగే ఉంది. దాన్ని తీసి రెండు చేతులా ఆమె ముందుకు చాపాడు.

"నీ కాఫీ తాగు ఒదెట్" అన్నాడు.

ఆమె అతని వంక చూసింది. అతను చూపు తిప్పుకోలేదు. ఒదెట్ కప్పు అందుకుని తాగింది. అది ఎప్పుడో చల్లారిపోయింది.